పడగ విప్పేది పగతో కాదు, భయంతో

తొలకరి పడ్డాక గోదావరి డెల్టా ఊళ్ళలో గడ్డిమేట్ల కింద, కొబ్బరి డొక్కల గుట్టల్లో పిల్ల తాచులు బయటపడుతుంటాయి. వేసవిలో పెట్టిన గుడ్లు రెండు నెలలకు పిగిలి పిల్లలయ్యేది ఆ రోజుల్లోనే. జానెడు పిల్ల కూడా పడగ విప్పి బుస కొడుతుంది. చూసినవాళ్ళు 'ఎంత కోపమో' అంటారు. నిజానికి అది ప్రాణభయం. 'దగ్గరకు రావద్దు' అని చెప్పడానికి దాని దగ్గరున్న దారి అదొక్కటే.

అపోహ: పాము పగబడుతుంది, పన్నెండేళ్ళయినా వెతుక్కుంటూ వస్తుంది.

మనిషి ముఖం గుర్తుపెట్టుకుని తిరిగొచ్చే శక్తి పాముకు లేదు. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవి ఆలయంలో సర్పశాంతి హోమం చేశారు. జనం భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ వానాకాలంలో పాములు ఎక్కువగా ఎదురుపడటానికి కారణం నీళ్ళు. కలుగులు మునిగితే ఎలుకలు మెరకకు చేరతాయి, వాటి వెనకే పాములూ వస్తాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతటి నీటిలో లంక గ్రామాల మనుషులకూ పాములకూ మిగిలేది ఆ కాస్త మెరకే. చోటు పోయి బెదిరిన పాము మీదికి కర్రలతో వెళితే కాటు వేస్తుంది. తప్పుకునే దారి వదిలితే చాలావరకు తనే వెళ్ళిపోతుంది.

అపోహ: పాలు పోస్తే శాంతిస్తుంది.

నాగుల చవితి భక్తిని నేను తప్పుపట్టను. అయితే పాలు పాము ఆహారం కాదు, దాని కడుపు వాటిని సరిగా అరిగించుకోలేదు. దాహంతో మాడ్చిన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, మనం చూసేది ఆ దాహాన్నే. పాలు పుట్ట లోపలికి కాకుండా మొదట్లో ఒక చెంచాడు పోస్తే పూజకు లోటు లేదు, పాముకు బాధ లేదు.

పిల్ల పాముకు విషం ఉండదని కొందరు, పెద్దదానికన్నా ప్రమాదమని కొందరు అంటారు. రెండూ సరికాదు. గుడ్డులోంచి వచ్చిన రోజునుంచే తాచుపిల్లకు విషం ఉంటుంది, పరిమాణం తక్కువ. కాబట్టి దాన్ని ఊరడించే పని మనది కాదు. దూరంగా జరిగి, పిల్లల్నీ కుక్కల్నీ లోపలికి పంపి, అటవీశాఖకో పాములు పట్టడంలో శిక్షణ పొందినవారికో కబురు చేయాలి. కాటు పడితే కోతలు, బిగుతు కట్లు వద్దు. కదలనీయకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

కోరలు పీకి పెంచుకోవచ్చన్న మాట మరీ క్రూరం. నోరు పుండై, తిండి తినలేక అది చస్తుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతునైనా, రెండు తలల పామునైనా పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులు ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

అలా చట్టప్రకారం పెంచేవారిలోనూ, అమెరికాలో ముచ్చటపడి పిల్ల పామును తెచ్చుకునే మనవాళ్ళలోనూ ఒక పొరపాటు ఆలోచన ఉంటుంది: రోజూ చేతిలోకి తీసుకుంటే త్వరగా మచ్చికవుతుందని. పిల్ల బాల్ పైథాన్ తల లోపల దాచి బంతిలా చుట్టుకుందంటే ముద్దుకు కాదు, బెదిరింది. కొత్తచోట మొదటి వారం పది రోజులు దాన్ని ముట్టుకోకూడదు. పెట్టెలో వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, ఒళ్ళు ఆనేంత ఇరుకైన దాగుడు గూళ్ళు ఉండాలి. విశాలమైన ఖాళీ పెట్టె మనకు అందం, దానికి నడివీధి. పాముకు బయటి చెవులు లేకపోయినా దవడల గుండా నేల అదురు తెలుస్తుంది, తక్కువ స్థాయి శబ్దాలూ వినిపిస్తాయి. అందుకే స్పీకరు పక్కన, తలుపు దగ్గర పెట్టె పెట్టకూడదు.

తర్వాత చేయి పైనుంచి కాకుండా పక్కనుంచి, మెల్లగా చాచాలి. గద్ద పైనుంచే వస్తుంది మరి. మేత తిన్నాక రెండు రోజులు వదిలేయాలి. కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారి చూపు ఆనదు, అప్పుడూ కదపకూడదు. కొత్తలో ఒక పూట మేత ముట్టకపోతే నోట్లో కుక్కే ప్రయత్నం చేయొద్దు, వారం ఆగి మళ్ళీ పెట్టాలి. బరువు తగ్గుతుంటే మాత్రం సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించాలి.