ఆకురాయి ఆఖర్న

బేస్ గిటార్ మీద లావు తీగ మీటగానే స్వరంతో పాటు జరజరమని లోహపు చప్పుడు వస్తే, మెడ మీది లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు చెడిపోయాయనీ, వాటిని రాయించాలనీ చాలామంది తీర్మానించేస్తారు. కానీ మరమ్మతు అక్కడ మొదలుపెట్టకూడదు. కదులుతున్న తీగ, వేలు నొక్కిన చోటికీ, ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జ్‌కీ మధ్య ఉన్న ఏదో ఒక ఫ్రెట్‌కు తగలడమే ఫ్రెట్ బజ్. మెడ మరీ తిన్నగా అయినా, బ్రిడ్జ్ దగ్గర తీగ కిందికి దిగినా, మెడ కొసన తీగలు కూర్చునే నట్ గాడి లోతు పడినా, ఒక ఫ్రెట్ తక్కినవాటికంటే పైకి లేచినా ఆ చప్పుడు వస్తుంది. మొదటి రెండూ స్క్రూ తిప్పితే సర్దుకుంటాయి, తేడా వస్తే వెనక్కి తిప్పుకోవచ్చు. ఆకురాయి తిన్న లోహం మాత్రం తిరిగి రాదు. అందుకే ముందు తిప్పి చూడాలి, రాయడం ఆఖర్న.

మన వాతావరణంలో ఈ వరుసకు విలువ మరీ ఎక్కువ. నాలుగు తీగలూ కలిసి మెడను 70 కిలోలకు పైబడిన బలంతో ముందుకు లాగుతుంటాయి. ఆ లాగుడును ఎదిరించడానికి మెడలో ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. గిబ్సన్ కంపెనీ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూ 1920ల మొదట్లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కడ్డీ ఎంత బిగువుగా ఉన్నా చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. హైదరాబాద్‌లోని మన్సూరాబాద్‌లో మే మధ్యాహ్నం గాలి పొడిపొడిగా ఉంటుంది. కూలర్ వేస్తే అదే గది తేమతో నిండుతుంది, ఏసీ వేస్తే మళ్లీ ఆరిపోతుంది. జూలై నుంచి వానల తడి. ఏ కాలంలో మెడ ఎటు వంగుతుందన్నది ఆ చెక్కను బట్టి ఉంటుంది. కదలని మెడ మాత్రం ఉండదు. మేలో వినిపించిన రొద ఆగస్టులో దానంతటదే తగ్గవచ్చు. ఈలోగా ఫ్రెట్లు రాయించేస్తే, లేని జబ్బుకు కోత పెట్టించినట్టే.

రోగం ఎక్కడుందో చప్పుడు వచ్చే చోటే చెబుతుంది. మొదటి ఐదారు ఫ్రెట్లలో అంతటా వస్తే మెడ మరీ తిన్నగా ఉందేమో చూడాలి. పన్నెండో ఫ్రెట్ దాటాక వస్తే బ్రిడ్జ్ ఎత్తు అనుమానించాలి. వేలు పెట్టకుండా మీటిన తీగే జరజరమంటే నట్, ఒక్క చోటే వస్తే ఆ తర్వాతి ఫ్రెట్. మెడ వంపును శ్రుతి చేశాకే కొలవాలి. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి కలిసే చోటా నొక్కి పట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగు. దీనికి బైక్ మెకానిక్‌లు ట్యాపెట్‌కు వాడే ఫీలర్ గేజే సరిపోతుంది. సందు తక్కువైతే రాడ్‌ను పావు చుట్టు వదులు చేసి, శ్రుతి సరిచూసి, మరునాడు మళ్లీ కొలవాలి. మెడ కుదిరాకే బ్రిడ్జ్ జోలికి వెళ్లాలి.

ఇంత తతంగమెందుకు, తీగలు పైకి లేపేస్తే పోదా అని అడగవచ్చు. చప్పుడు పోతుంది, కానీ నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి, తీగ ఎక్కువ సాగి శ్రుతి పైకి జారుతుంది. రాడ్ ముట్టుకుంటే విరుగుతుందన్న భయంలో కొంత న్యాయముంది. అందుకే పావు చుట్టు నియమం, గట్టిగా బిగుసుకుని ఉంటే ఆగి పనితెలిసినవాళ్లకు ఇవ్వడం. ఆంప్‌లో వినపడని చప్పుడుకు ఇంత హడావిడి అనవసరమనే మాటా నిజమే. సెకనుకు 41 సార్లు ఊగే లావు తీగ గట్టిగా మీటితే కాస్త గరగరలాడటం సహజం. స్వరం మధ్యలో తెగిపోతుంటేనే దోషం.

మన బొబ్బిలి వీణకు మెట్లు రాయాల్సిన ఇబ్బంది అంతగా లేదు. దాని 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. స్వరం తప్పితే మైనాన్ని కదిపి మళ్లీ మేళం కట్టుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లు చెక్క గాడిలో దిగగొట్టినవి, ఎత్తు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. రాసిన ప్రతిసారీ అందులోంచే పోతుంది, అది అయిపోతే ఫ్రెట్లన్నీ మార్చాల్సిందే. నిజంగా లేచిన ఫ్రెట్‌ను రాయాల్సిందే. మెడ, బ్రిడ్జ్, నట్ మూడూ సరిగా ఉన్నాయని కొలిచి తేల్చుకున్నాకే ఆకురాయి చేత పట్టాలి.