పాల సముద్రంలో మన రాకుమారుడు

సెలవులొచ్చాయంటే ఇంట్లో ఒకటే గోల కదండీ! చరిత్ర పుస్తకం తియ్యమంటే ఆవలింతలు. అదే నవల చేతికి దొరికితే మాత్రం కంచం ముందు కూర్చుని కూడా వదలరు. ‘పనికిమాలిన కథలు’ అని విసుక్కుని లాక్కునే ముందు, అదేం పుస్తకమో ఒక్కసారి చూడండి. కాలయంత్రం కథో, జలాంతర్గామి కథో అయితే కాస్త ఆగండి. అందులో మీవాడు వద్దన్న చరిత్ర పాఠమే ఉండొచ్చు!

మనందరికీ తెలిసిన ‘ఆదిత్య 369’నే తీసుకోండి. 1991లో వచ్చిన ఈ సినిమాకి దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారు. మన నెల్లూరు సీమ వారే, ఉదయగిరిలో పుట్టారు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ నవలను ఆయన కాలేజీ రోజుల్లో చదివారట. వెల్స్ కథలో యంత్రం ఎక్కినవాడు లక్షల ఏళ్లు ముందుకే పోతాడు. సింగీతం గారు దాన్ని వెనక్కి కూడా తిప్పి శ్రీకృష్ణదేవరాయల కొలువులో దింపారు.

ఆ రాయలకీ మన ఉదయగిరికీ ఉన్న సంబంధం మాత్రం కల్పన కాదు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను రాయలు 1513లో ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్లి గుడి కట్టించాడు. (సినిమాలో రాయలుగా కనిపించిందీ బాలకృష్ణే అనుకోండి!) తెనాలి రామకృష్ణుడి సంగతి వేరు. ఆయన నిజంగా రాయల కొలువులో ఉన్నాడా లేదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఒకే సినిమాలో ఒకటి నిజం, ఒకటి అనుమానం, ఒకటి పూర్తిగా కల్పన. ఏది ఏదో విడదీయమని పిల్లల్ని అడిగి చూడండి. బియ్యంలో రాళ్లేరినంత శ్రద్ధగా కూర్చుంటారు.

సినిమా సరే, మన సముద్రం మీదుగా సాగిపోయిన ఒక నవల ఉంది, తెలుసా? ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1869-70లో వెలువరించిన ‘సముద్రం అడుగున ఇరవై వేల లీగులు’. అందులో కెప్టెన్ నీమో జలాంతర్గామి ‘నాటిలస్’ బంగాళాఖాతం ముఖద్వారానికి చేరేసరికి రాత్రివేళ సముద్రమంతా పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తుంది. మైపాడు ఒడ్డున నిలబడి చూస్తే కనిపించేది ఆ బంగాళాఖాతమే కదా! కవిత్వం కోసం రాశాడనుకోకండి. నావికులు ఎప్పటినుంచో చూస్తున్న వింతే అది. 1995లో సొమాలియా దగ్గర ఒక ఓడ వాళ్లు ఇలాంటి పాల సముద్రాన్ని చూసి రాసిపెట్టుకుంటే, ఉపగ్రహ చిత్రాల్లోనూ అది కనబడిందని 2005లో శాస్త్రజ్ఞులు తేల్చారు. వెలుగునిచ్చే సూక్ష్మజీవుల పనట.

అసలు కథ నీమోది. ఆ పేరుకి లాటిన్‌లో ‘ఎవరూ కాదు’ అని అర్థం. వెర్న్ ముందు అతన్ని పోలండ్ దేశస్థుడిగా అనుకున్నాడు. 1863లో రష్యా మీద తిరగబడిన పోలండ్ వాళ్లలో ఒకడన్నమాట. కానీ ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవాలి మరి! దాంతో నీమోకి ఊరూ పేరూ లేకుండా పోయాయి. 1874-75లో వచ్చిన ‘మిస్టీరియస్ ఐలాండ్’లో గానీ గుట్టు విప్పలేదు. అతను బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, రాకుమారుడు డక్కర్! 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్ల మీద కత్తి పట్టి, అయినవాళ్లందరినీ పోగొట్టుకుని, చివరికి సముద్రం అడుగున తలదాచుకున్న మనవాడు.

ఇప్పుడు తల్లులు గమనించాల్సిన సంగతొకటుంది. ఈ పుస్తకాలు ఇంగ్లీషులోకి వచ్చినప్పుడే చేతివాటం జరిగింది. మొదటి నవలలో దాదాపు నాలుగో వంతు కత్తిరించేశారు. రెండోదాని 1875 నాటి అనువాదంలో నీమో ఇంగ్లీషువాళ్లని తిట్టిన చోట్లన్నీ మెత్తబరిచి, వాళ్లకి అనుకూలంగా తిప్పి రాశారు. ఆ అనువాదాలే ఏళ్ల తరబడి మన దేశంలోనూ అమ్ముడుపోయాయి. అంటే 1857లో మన పక్షాన పోరాడిన రాకుమారుడి నోటి మాటనే మన పిల్లలకి అందకుండా చేశారు! పిల్లల కోసం కుదించిన పుస్తకం కొంటున్నారా? షాపులోనే చివరి అధ్యాయాలు తిరగేయండి. బుందేల్‌ఖండ్ ఊసు లేకపోతే పక్కన పెట్టేయండి. రంగురంగుల బొమ్మలున్నా సరే.

అలాగని వెర్న్ మాటలన్నీ వేదవాక్కులు కావు. ఈ డక్కర్ టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడు వరస అని రాశాడాయన. ఎక్కడి బుందేల్‌ఖండ్, ఎక్కడి మైసూరు! పైగా టిప్పు 1799లోనే పోయాడు. ఈ చుట్టరికం ఎలా కుదిరిందో పిల్లలనే అడగండి. పాఠ్యపుస్తకం వాళ్లంతట వాళ్లే తెరుస్తారు.

ఇలాంటి కథకి మన తీరంలో సరుకు లేదా అంటే, దండిగా ఉంది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది. సూర్యుణ్ణి పరిశీలించే ‘ఆదిత్య-ఎల్1’ 2023 సెప్టెంబరు 2న వెళ్లిందీ అక్కడినుంచే. దానికి కాస్త ఉత్తరాన దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీ అక్కడ కొట్లు కట్టి, ఫిరంగులు పెట్టుకుంది. ఆ చోటుని వాళ్లు ఆర్మగాన్ అనేవారు. స్థానికంగా సాయం చేసిన ఆరుముగం మొదలియార్ పేరే అలా మారిందని చెబుతారు. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డేనే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. తర్వాత కంపెనీ మకాం అక్కడికి మారిపోయింది.

రాకెట్ వెళ్లే రోజు ఎలాగూ మేడ మీదకి ఎక్కుతాం కదా, అప్పుడు పిల్లలకి ఈ ముక్క చెప్పండి. శ్రీహరికోటలో బయల్దేరిన యంత్రం దారి తప్పి 1638లో దుగరాజపట్నం ఒడ్డున దిగిందనుకుందాం. డే దొరగారు మద్రాసు మాట ఇంకా ఎత్తలేదు. యంత్రంలోంచి దిగిన మన నెల్లూరు పిల్ల ఆయనతో ఏమంటుందో, అక్కడినుంచి వాళ్లనే రాయమనండి.