నిల్వ నోడును ఆపుట ఎట్లు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ వీధులను ముంచెత్తినది. అట్టి నగరమున దుకాణపు లెక్కలను దూరపు క్లౌడు కంప్యూటర్లలో దాచుట మేలే. కాని అచ్చటను తొందరపడి యంత్రమును ఆపినచో నష్టము కలుగవచ్చును.

క్లౌడులో సమాచారము 'నోడులు' అను పెక్కు కంప్యూటర్లలో, తరచు మూడేసి ప్రతులుగా ఉండును. అద్దె నోడు ఆగినచో దాని తాత్కాలిక డిస్కులోనిది చెరిగిపోవును. కనుక మొదట ఆ నోడునకు క్రొత్త సమాచారము చేరకుండ చేయవలెను. పిదప దానిలోని ప్రతులను ఇతర నోడులకు పంపి, మూడేసి ప్రతులు మరల ఏర్పడినవని సరిచూచి, ఆ తరువాతనే దానిని ఆపవలెను.

ప్రకాశం బ్యారేజీ 70 గేట్లలో ఒకదానిని బాగుచేయునపుడు తక్కినవి నీటిని వదలును. నోడులను కూడ ఒక్కొక్కటిగనే ఆపవలెను. ప్రతులున్న మూడింటిని ఒక్కసారి ఆపినచో, బుడమేరు రాకున్నను లెక్కలు మునిగినట్లే.