కడుపులో పట్టుగూడు

"ఏం లేదు సార్, గ్యాసే. ఒక సూది ఏసి పంపీండి. రేపు డ్యూటీకి పోవాల."

కొన్నేళ్ల క్రితం మస్కట్‌లో ఒక రాత్రి, రువీ నుంచి స్నేహితులు పట్టుకొచ్చిన హిందూపురం వైపు కుర్రాడు సర్జన్‌నైన నాతో అన్న మొదటి మాట ఇది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. రెండు రోజులుగా వాంతులు, కడుపుబ్బరం. మలం, గాలి రెండూ బంద్.

ఎక్స్‌-రేలో పేగులకు అడ్డంకి ఉందని తేలింది. కానీ ఎందుకు? సాధారణంగా పాత ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కోవడమో, హెర్నియానో, గడ్డో కారణమవుతాయి. ఇతని పొట్ట మీద కుట్ల మచ్చే లేదు. హెర్నియా లేదు. మెల్లగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. ఎనిమిది నెలలుగా ఈ నొప్పి వచ్చి పోతోందట. ఇంటికి పంపేస్తారన్న భయంతో గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చాడు.

సీటీ స్కాన్‌లో జవాబు దొరికింది. చిన్నపేగంతా ఒకచోట ముద్దగా చేరి, చుట్టూ సంచిలా పొర. 1978లో సింగపూర్ వైద్యుడు ఫూ, ఆయన సహచరులు 10 మంది అమ్మాయిల్లో ఈ స్థితిని వర్ణించి 'అబ్డామినల్ కకూన్' అని పేరు పెట్టారు. అంటే కడుపులో పట్టుగూడు. క్షయ వల్లా, ఏళ్ల తరబడి పొట్ట ద్వారా చేసే డయాలసిస్ వల్లా రావచ్చు. చాలామందిలో కారణమే తెలియదు.

ఆపరేషన్‌లో ఆ తెల్లటి పొరను ఓపికగా ఒలిచి పేగులను విడదీశాం. అదృష్టం, పేగు ఎక్కడా కుళ్లలేదు. ఒక్క ముక్కా కోయవలసిన అవసరం రాలేదు. పొరను పరీక్షకు పంపితే క్షయ ఆనవాళ్లు లేవన్నారు.

నాలుగో రోజు గంజి తాగుతూ అడిగాడు, లోపల ఏముండిందని. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"మా ఇంట్లో పట్టుపురుగులు సాకుతాం సార్. గూట్లో ఉన్న పురుగు బయటికొచ్చేది తక్కువ. ఉడకేస్తారు."

మిత్రులారా, ఈ జబ్బు మీకు రాకపోవచ్చు. కానీ 'గ్యాసే' అనే మాట మనందరి నోటా ఉంది. మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, ఉబ్బరం, గాలి కూడా పోకపోవడం, ఈ నాలుగూ కలిస్తే తెల్లవారేదాకా ఆగకండి. గతంలో క్షయకు మందులు వాడి ఉంటే డాక్టరుకు దాచకండి. ఒమాన్‌లో అత్యవసర సహాయానికి 9999. మీ గదిలో ఎవరైనా కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, అతను వద్దన్నా సరే, తీసుకురండి.

ఆ కుర్రాడిని ఆ రాత్రి తీసుకొచ్చింది అతని గదిలోని స్నేహితులే.