నీళ్లు తాగిన తెప్ప

చూడ్డానికి తెల్లగా, దూదిపింజలా ఉంటుంది. కొత్తలో అయితే చంకలో పెట్టుకుని చెరువుకట్ట ఎక్కేయొచ్చు. అదే దిమ్మె రెండు వానాకాలాలు నీళ్లలో నానిందంటే ఎత్తేవాడి నడుం పట్టేస్తుంది! రంగు పెద్దగా మారదు. ఆకారమూ అంతే. నీటిమీద తేలుతూనే ఉంటుంది. మరి ఆ బరువెక్కడి నుంచి వచ్చినట్టు?

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టేవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. ముంబయి రహదారికి అటూ ఇటూ ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో కొన్ని చెడిపోయాయి, కొన్ని చిక్కిపోయాయి. అమీన్‌పూర్ పెద్దచెరువు, పటాన్‌చెరు సాకి చెరువు, సంగారెడ్డి మహబూబ్‌సాగర్‌లాంటివి మిగిలాయి. చెరువునే నమ్ముకున్న ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలూ మిగిలాయి. సాయంత్రం వల కట్టాలన్నా, తెల్లవారుజామున తీయాలన్నా నీటి మధ్యకు వెళ్లాలి. పడవ కొనే స్తోమత అందరికీ ఉండదు. చెరువుకు అన్యాయం చేసిన ఫ్యాక్టరీలే ఇక్కడో చిన్న ఉపకారం చేశాయి. యంత్రాల పెట్టెల్లో, ఫ్రిజ్‌లూ టీవీల చుట్టూ వచ్చే థర్మోకోల్ స్క్రాప్ దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది. రెండు మూడు దిమ్మెలు కలిపి నైలాన్ తాడుతో బిగించి, యూరియా సంచులు చుడితే తెప్ప తయారు. చేతులో చెక్కముక్కలో తెడ్లవుతాయి.

పుట్టి దాచదు... ఇది దాస్తుంది

మంజీర మీద, తెలుగునాట మిగతా నదుల మీద పూర్వం నుంచీ పుట్టి ఉంది. వెదురు బుట్ట అల్లి, తోలో టార్పాలినో కప్పి, తారు పూసేవారు. పుట్టికి చిల్లు పడితే నీళ్లు కాళ్ల దగ్గరే చేరతాయి. చెంబుతో తోడిపోసి, ఒడ్డుకొచ్చి తారు రాసుకోవచ్చు. బావిలో ఈత నేర్చుకునే పిల్లల వీపుకు కట్టిన ఎండు సొరకాయ బుర్ర అయినా అంతే. పగిలితే బుడగలు చప్పుడు చేస్తూ వస్తాయి. థర్మోకోల్ అలా కాదు. నీళ్లు ఎక్కడ చేరుతున్నాయో కనిపించదు, వినిపించదు.

అసలు థర్మోకోల్ అన్నది ఒక కంపెనీ పెట్టిన పేరే. వాడగా వాడగా వస్తువు పేరైపోయింది. శాస్త్రవేత్తలు దీన్ని విస్తరిత పాలిస్టైరీన్ అంటారు. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ సంస్థలో 1950 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. పంచదార పలుకుల్లాంటి ప్లాస్టిక్ పూసల్లో పెంటేన్ అనే పదార్థం ఉంటుంది. ఆవిరి తగిలితే ఆ పూసలు పేలాల్లా ఉబ్బుతాయి. వాటిని అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పట్టిస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి. దిమ్మెలో దాదాపు 98 శాతం గాలే!

మరమరాల ఉండను గుర్తు తెచ్చుకుంటే కిటుకు తెలిసిపోతుంది. ఒక్కో మరమరం విడిగా గట్టిదే. బెల్లంపాకం సరిగ్గా పట్టకపోతే వాటి మధ్య సందులుంటాయి. థర్మోకోల్ పూసలోకి నీరు అంత సులువుగా వెళ్లదు. కానీ పూసకూ పూసకూ మధ్య ఉన్న సందుల్లోంచి మెల్లగా పాకుతుంది. సామాను దెబ్బ తినకుండా వాడే చవకరకం దిమ్మెల్లో పూసలు వదులుగా అతుక్కుని ఉంటాయి. వాటిని తయారుచేసింది టీవీని కాపాడటానికే గానీ మనిషిని మోయడానికి కాదు. తాడు ఒరిసిన చోట, మోకాలు ఆనిన చోట, గట్టు రాయి గీసుకున్న చోట సందులు ఇంకా తెరుచుకుంటాయి.

పది శాతం చాలు

లెక్క చూస్తే భయమేస్తుంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగు మందం ఉన్న దిమ్మె 8 ఘనపుటడుగులు. పూర్తిగా మునిగితే దాదాపు 226 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. దాని సొంత బరువు నాలుగు కిలోలకు మించదు. అంటే 220 కిలోల పైచిలుకు మోయగలదు. అందులో పదో వంతు జాగాలో నీరు చేరిందనుకుందాం. నాలుగు కిలోల దిమ్మె 26 కిలోలవుతుంది. మోసే శక్తి ఇంకా 200 కిలోలుంటుంది కాబట్టి మునగదు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

చిక్కంతా పలుచటి పలకతోనే. అదే పొడవు వెడల్పుల్లో 4 అంగుళాల మందమే ఉంటే అది మోయగలిగేది సుమారు 73 కిలోలు. 60 కిలోల మనిషి, 8 కిలోల తడి వల... సరిపోయింది. పదో వంతు నీళ్లు తాగాక అది 66 కిలోలకు పడిపోతుంది. మనిషితో సహా పలక నీటి కిందికి దిగుతుంది. పైగా నీరు అన్ని వైపులా సమానంగా చేరదు. ఒక మూల బరువెక్కితే, వల లాగడానికి వంగిన క్షణంలో తెప్ప తిరగబడుతుంది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండదు. కాళ్లకు వల చుట్టుకుంటే ఈత వచ్చినా లాభం లేదు. మంజీర అభయారణ్యం మొసళ్లకు పేరుపడ్డది. ఆ నది దరిదాపుల్లో అయితే కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చోవడమే ఒక సాహసం!

రుషికొండలో ఇదే గొడవ

చెరువు మీద తెప్పకున్న ఈ జబ్బే సముద్రపు అలల మీద ఆడుకునే సర్ఫింగ్ బోర్డుకూ ఉంది. విశాఖ రుషికొండ తీరంలో నేర్చుకునేవారి చేతిలో ఉండే మెత్తటి బోర్డు లోపల సాధారణంగా ఉండేది ఈ పూసల ఫోమే. పైన రబ్బరులాంటి మెత్తటి పొర, అడుగున నున్నటి ప్లాస్టిక్ పొర. రెక్కలు బిగించే స్క్రూల దగ్గర, కాలికి కట్టుకునే తాడు దగ్గర, అంచు అతుకు విడిన చోట నీరు దూరుతుంది. బోర్డు బరువెక్కి అల మీద తిరగనని మొండికేస్తుంది.

ఒకప్పుడు సర్ఫింగ్ బోర్డులు చెక్కతో చేసేవారు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలియురెథేన్ ఫోమ్‌ను ప్రాచుర్యంలోకి తెచ్చారు. అమెరికాలో బోర్డులు చేసేవారిలో అత్యధికులకు ఫోమ్ దిమ్మెలు సరఫరా చేసిన క్లార్క్ కంపెనీ 2005 డిసెంబరులో ఉన్నట్టుండి మూతపడింది. దాంతో చాలామంది థర్మోకోల్ రకం వైపు చూశారు. బోర్డు నీళ్లు తాగితే ఏం చేయాలన్నది వాళ్లకు అనుభవం మీద ఒంటబట్టింది. వేల రూపాయల బోర్డు కాబట్టి దానికి వైద్యం దొరికింది. స్క్రాప్‌లో కొన్న తెప్ప కాబట్టి దీని గోడు ఎవరికీ పట్టలేదు. కానీ వైద్యం మాత్రం రెంటికీ ఒకటే.

ముందు కాటా... తర్వాతే బంక

మొదటి సూత్రం: కంటిని నమ్మొద్దు, కాటాను నమ్మాలి. చేపలు తూచే కాటా చేతిలో ఉండనే ఉంటుంది. తెప్ప కట్టిన రోజే ఒక్కో దిమ్మెనూ తూచి, ఆ అంకె ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. నెలకోసారి మళ్లీ తూస్తే ఎంత తాగిందో తేలిపోతుంది. కొత్తలో రాసుకోకపోయినా మరేం ఫర్వాలేదు. అదే కొలత ఉన్న కొత్త దిమ్మెను పక్కన పెట్టి తూస్తే సరి.

బరువు పెరిగిందనుకుంటే వెంటనే నీటి నుంచి తీసేయాలి. సంచులు, తాళ్లు మొత్తం విప్పాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. చిల్లు కనబడగానే దాని మీద ఇంకో కవరు చుట్టేస్తారు. టేపు వేసేస్తారు. లోపలి నీరు లోపలే బందీ అయిపోతుంది. పక్కాగా చుట్టిన పాలిథిన్‌కు ఒక్క చిరుగు పడినా అంతే... నీళ్లు వస్తాయి, పోవు. ఆ మాటకొస్తే నేత యూరియా సంచే నయం. నీటిని ఆపకపోయినా, గట్టుమీద పెట్టగానే కారిపోనిస్తుంది.

విప్పిన దిమ్మెను నిలువుగా, దెబ్బ తిన్న వైపు కిందికి ఉండేలా నిలబెట్టాలి. నీటికి దారి చూపించేది భూమ్యాకర్షణే. కింద రెండు ఇటుకలు పెడితే గాలి ఆడుతుంది. మొదటి రోజు ధారగా, తర్వాత చుక్కలుగా కారుతుంది. ఆ తర్వాత ఏమీ కారదు. ఆరిపోయిందనుకుంటారు. కాలేదు! సందుల్లో ఉన్న తడి ఆవిరవ్వడానికి వారాలు పడుతుంది. రెండు రోజులకోసారి తూస్తూ ఉండాలి. మూడుసార్లు వరసగా ఒకే బరువు చూపిస్తేనే ఆరినట్టు. సర్ఫింగ్ బోర్డుకైతే పైపొర ఉంటుంది కాబట్టి స్క్రూలు ఊడదీసి, అవసరమైతే అడుగంచున సన్నటి రంధ్రం చేసి నీటిని దించుతారు. ఉప్పునీరైతే ముందు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు తడిని లాగి పట్టుకుంటుంది మరి.

త్వరగా ఆరుతుందని ఎర్రటి ఎండలో పెట్టకూడదు. మే నెల ఎండలో నల్లటి టార్పాలిన్ కింద ఎంత వేడి పుడుతుందో తెలిసిందే. థర్మోకోల్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడి ముడుచుకుంటుంది. ఎండకు పైపొర పచ్చబారి పిండిలా రాలుతుంది కూడా. బోర్డు అయితే లోపలి గాలి, ఆవిరి వ్యాకోచించి పైపొర బుడగలా లేస్తుంది. నీడ, గాలి... ఈ రెండే మందులు.

ఫైబర్ దుకాణానికి వెళ్తే...

ఆరాక చిల్లు పూడ్చడంలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. పెట్రోలు, థిన్నర్, రబ్బరు సొల్యూషన్... ఏది తగిలినా థర్మోకోల్ ఐసుముక్కలా కరిగిపోతుంది. పారిశ్రామికవాడల్లో ట్యాంకులు, కుర్చీలు చేసే ఫైబర్ దుకాణాలుంటాయి. తెప్పకూ ఓ పూత వేయిద్దామనిపించడం సహజం. అక్కడ మామూలుగా వాడేది పాలిస్టర్ రెజిన్. అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ను తినేస్తుంది. నిమిషాల్లో దిమ్మెలో గుంట పడుతుంది! ఎపాక్సీ రకమైతే ఏమీ కాదు. ధర ఎక్కువే, కానీ చిన్న చిల్లులకు హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ సరిపోతుంది. వడ్రంగి వాడే తెల్లబంక థర్మోకోల్‌ను కరిగించదు గానీ నీళ్లలో నిలవదు. విశాఖ, శ్రీకాకుళం తీరంలో చెక్క తెప్పల స్థానంలోకి వచ్చిన ఫైబర్ తెప్పల్లో లోపల ఫోమ్ నింపినవి ఉంటాయి. వాటి మరమ్మతుకు వెళ్లినా ముందు అడగాల్సింది ఇదే... లోపల ఏ ఫోమ్ ఉంది, పైన ఏ రెజిన్ వేస్తున్నారు?

నెల రోజులు నీడన పెట్టినా కొత్త దిమ్మె బరువుకు రెండింతలకు తగ్గకపోతే, వేలితో నొక్కితే పూసలు విడివిడిగా రాలుతుంటే దాన్ని వదిలేయాల్సిందే. ఎక్కడ వదలాలన్నదే తలనొప్పి. ఇప్పుడు చాలా దిమ్మెలు గట్టునే పడి ఉంటాయి. గాలికి పూసలు విడిపోయి నీళ్లలో చేరతాయి. మేత అనుకుని చేపలు మింగుతాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. ఈ చెరువుల్లో చేపలు కుప్పలుగా తేలిన సందర్భాలూ లేకపోలేదు. ఉన్న విషం చాలదన్నట్టు ఇదొకటి ఎందుకు? 2022 జులై 1 నుంచి అలంకరణ థర్మోకోల్‌పై దేశమంతా నిషేధం వచ్చింది. ప్యాకింగ్ దిమ్మెలు దాని కిందికి రావు కాబట్టి అవి వస్తూనే ఉన్నాయి.

దిమ్మెను కోసి చూస్తే నడిమి భాగం తరచూ పొడిగా, గట్టిగానే ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి గుడ్డలో కుట్టేస్తే వలకు బెండ్లుగా పనికొస్తాయి. మిగిలిన తుక్కును సంచిలో మూటగట్టి స్క్రాప్ దుకాణానికి ఇవ్వాలి. గాలే తప్ప సరుకు లేదని ఎండు థర్మోకోల్‌ను కొనడానికే అక్కడ పెదవి విరుస్తారు. తడిదైతే కాటా మీద బాగానే తూగుతుంది గానీ, ఆ నీళ్లకు డబ్బులిచ్చే వ్యాపారి ముంబయి రహదారి పొడవునా వెతికినా దొరకడు.