బేస్‌బాల్ ఆటగాళ్లకు అన్ని కోట్లు ఇవ్వడం దండగేనా?

2024 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ క్లబ్బు హువాన్ సోటో అనే 26 ఏళ్ల ఆటగాడితో 15 ఏళ్ల కాంట్రాక్టు రాసుకుంది. మొత్తం 76 కోట్ల 50 లక్షల డాలర్లు. అప్పటి మారకం ధర ప్రకారం మన డబ్బులో దాదాపు 6,500 కోట్ల రూపాయలు. కర్రతో బంతిని కొట్టినందుకు ఒక్క మనిషికి అంత డబ్బా అని మనం నోరు వెళ్లబెట్టడం సహజమే. కాస్మెటిక్ చార్జీలు నెలకు ఎంతో, అవి ఎన్ని నెలలకు చేతికి వస్తాయో ఎరిగిన హాస్టల్ పిల్లలం కదా! అయితే ఆశ్చర్యపడి ఊరుకోకుండా, అసలు ఆ డబ్బు ఎందుకు ఇస్తున్నారు, ఇచ్చినందుకు తగిన ఆట వస్తోందా అని మేము కొంత చదివి, కొంత వాదించుకుని తెలుసుకున్న సంగతులను ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. బంతి విసిరేవాడు పిచర్, కొట్టేవాడు బ్యాటర్. బంతిని మైదానం దాటిస్తే హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. పెద్ద లీగులో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆఖరి పోటీ పేరు వరల్డ్ సిరీస్.

ఇక ఫ్రీ ఏజెంట్ అంటే ఏ క్లబ్బుకూ కట్టుబడి లేని ఆటగాడు. పెద్ద లీగులో 6 ఏళ్ల సర్వీసు పూర్తయి, కాంట్రాక్టు గడువు తీరినవాడు తనకు నచ్చిన క్లబ్బుతో బేరమాడుకోవచ్చు. ఇది మన ఐపీఎల్ వేలం వంటిదే అనుకుంటే పొరపాటు. వేలంలో ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లకే. మన హైదరాబాదు ఆటో డ్రైవరు గారి అబ్బాయి మహ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు పాడుకుంది. మరుసటి ఏడాది వేలంలో ఆయన బెంగళూరుకు పోవలసి వచ్చింది. 2024 నవంబరులో 12 కోట్ల 25 లక్షలకు గుజరాత్ పాడుకుంది. ధర పెరిగింది గానీ, ఏ ఊరి జట్టుకు ఆడాలన్నది పాట పాడేవాళ్లే తేల్చారు. బేస్‌బాల్ ఫ్రీ ఏజెంటు మాత్రం తక్కువ ఇచ్చే క్లబ్బునైనా ఎంచుకోవచ్చు, ఇంటి దగ్గరి ఊరు చాలని అనుకోవచ్చు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. దీనికోసం ఒక మనిషి తన ఆటనే పోగొట్టుకున్నాడు.

ఆయన పేరు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో నల్లజాతి ఆటగాడు. 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడేళ్లు ఉత్తమ ఫీల్డరుగా బహుమతి పొందినవాడు. ఆ రోజుల్లో ప్రతి కాంట్రాక్టులోనూ రిజర్వ్ క్లాజ్ అనే షరతు ఉండేది. కాంట్రాక్టు గడువు తీరినా ఆటగాడు అదే క్లబ్బు సొత్తు. క్లబ్బు అతన్ని ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మరో క్లబ్బుతో మారకం చేసుకోవచ్చు. ఆటగాడు మాత్రం కదలడానికి లేదు. మన తాతల కాలంలో పాలేరుగా కుదిరినవాడు అప్పు తీరేదాకా మరో ఆసామి గడప తొక్కలేకపోయేవాడని పెద్దలు చెబితే విన్నాం. జీతం అంకెలు వేరు కావచ్చు, కట్టు మాత్రం అదే.

1969 అక్టోబరులో కార్డినల్స్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియా జట్టుకు మారకం చేసింది. 12 ఏళ్లు ఒకే ఊళ్లో ఆడినవాడిని ఒక్క మాటైనా అడగలేదు. ఆయన వెళ్లనన్నాడు. తాను కొని అమ్మే వస్తువును కాదంటూ బేస్‌బాల్ కమిషనరుకు ఆ డిసెంబరు 24న ఉత్తరం రాశాడు. ఏడాదికి 90,000 డాలర్లు తీసుకునేవాడికి బానిసత్వం ఏమిటని ఒక టీవీ వ్యాఖ్యాత అడిగితే, జీతం బాగా ముట్టినా బానిస బానిసేనని బదులు చెప్పాడు. కోర్టుకు వెళ్లాడు. విచారణ జరిగినప్పుడు అప్పటికి ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ వచ్చి ఆయన పక్కన కూర్చోలేదు. వాళ్లకు ఉద్యోగ భయం. అప్పటికే ఆట మానేసిన జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. 1972లో సుప్రీంకోర్టు 5–3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అప్పటికే ఆయన ఆట ముగిసిపోయింది.

కోర్టులో ఓడినా విషయం సద్దుమణగలేదు. ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసి వచ్చిన మార్విన్ మిల్లర్ 1966 నుంచి ఆటగాళ్ల సంఘాన్ని నడిపిస్తున్నాడు. తగాదాలను బయటి మధ్యవర్తి తేల్చాలన్న నిబంధనను ఆయన ఒప్పందంలో పెట్టించాడు. 1975 డిసెంబరులో ఇద్దరు పిచర్ల కేసులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి, ఆ షరతు ఒక్క ఏడాదికే చెల్లుతుంది గానీ జీవితాంతం కాదని తేల్చాడు. యజమానులు వెంటనే సైట్జ్‌ను ఆ పని నుంచి తీసేశారు గానీ తీర్పు నిలిచింది. 1975లో సగటు జీతం దాదాపు 45,000 డాలర్లు. ఇటీవలి సంవత్సరాల్లో అది 45 లక్షల డాలర్లు దాటింది. ఆట అదే, మైదానం అదే. మారింది బేరమాడే హక్కు. దానికి టీవీ డబ్బు తోడయింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత పోసి కొన్నవాళ్లు అంత ఆడారా?

2000 డిసెంబరులో టెక్సస్ రేంజర్స్ యజమాని అలెక్స్ రోడ్రిగెజ్‌కు 10 ఏళ్లకు 25 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చాడు. అప్పట్లో ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది. రోడ్రిగెజ్ ఆడలేదా అంటే, బ్రహ్మాండంగా ఆడాడు. మూడేళ్లలో 52, 57, 47 హోమ్ రన్లు కొట్టాడు. 2003లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. జట్టు మాత్రం ఆ మూడేళ్లూ నాలుగు జట్ల విభాగంలో నాలుగో స్థానంలోనే ఉంది. ఎందుకంటే, క్రికెట్‌లో మంచి బ్యాటరు క్రీజులో పాతుకుపోతే మ్యాచ్ మొత్తం తానే లాక్కురావచ్చు. బేస్‌బాల్‌లో 9 మంది వంతులవారీగా కొట్టాలి. ఎంతటివాడికైనా మ్యాచ్‌లో నాలుగైదు అవకాశాలకు మించి రావు. డబ్బంతా ఒక్కడి మీద పోసి పిచర్లను కొనలేకపోతే, అతను కొట్టిన పరుగులన్నీ పిచర్లు అవతలివాళ్లకు ఇచ్చేస్తారు. 2004లో రేంజర్స్ అతన్ని యాంకీస్‌కు ఇచ్చేసింది. ఇచ్చేస్తూ అతని మిగిలిన జీతంలో కొంత భాగం తానే కడతానని కూడా ఒప్పుకుంది! 2010లో ఆ క్లబ్బు దివాలా కోర్టుకు ఎక్కినప్పుడు అప్పులవాళ్ల జాబితాలో రోడ్రిగెజ్ పేరు పైవరసలో ఉంది.

ఆల్బర్ట్ పూహోల్స్ కథ ఇంకా చిత్రమైనది. కార్డినల్స్ జట్టులో 2001 నుంచి 2011 దాకా 11 ఏళ్లలో 445 హోమ్ రన్లు, మూడుసార్లు ఉత్తమ ఆటగాడు, రెండు వరల్డ్ సిరీస్‌లు. ఇవన్నీ చూసి 2011 డిసెంబరులో ఏంజెల్స్ క్లబ్బు 10 ఏళ్లకు 24 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పటికి ఆయనకు 32వ ఏడు నిండబోతోంది. బేస్‌బాల్ ఆటగాళ్లలో ఎక్కువమంది 26, 29 ఏళ్ల నడుమ శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా దిగుతారు. పూహోల్స్ కూడా దిగాడు. వెయ్యి అవకాశాల్లో 328 సార్లు హిట్ సాధించినవాడు ఏంజెల్స్‌లో 256కు పడిపోయాడు. ఆయన ఉన్నంతకాలంలో ఆ జట్టు నాకౌట్ దశకు చేరింది ఒక్క 2014లోనే. అదీ మూడు మ్యాచ్‌లు వరసగా ఓడి ఇంటికి వచ్చింది. 2021 మేలో, కాంట్రాక్టు ఇంకా ఉండగానే ఆయన్ను పంపించివేశారు.

ఒకే క్లబ్బు రెండు రకాల ఫలితం చూసిన సందర్భమూ ఉంది. వాషింగ్టన్ నేషనల్స్ 2015 జనవరిలో మాక్స్ షెర్జర్ అనే పిచర్‌కు 7 ఏళ్లకు 21 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2016, 2017లలో అతను లీగు ఉత్తమ పిచర్. 2019లో ఆ జట్టు మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆఖరి మ్యాచ్ మొదలుపెట్టింది కూడా అతనే. ప్రతి డాలరుకూ ఆట దక్కిందనే చెప్పాలి. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. ఆ సంతోషంలో అతనికి 7 ఏళ్లకు 24 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చారు. భుజం, చేతి నరాల జబ్బులతో ఆ తర్వాత అతను ఆడింది ఎనిమిదంటే ఎనిమిది మ్యాచ్‌లు. 2024లో రిటైరయ్యాడు. ఇందులో అతని సోమరితనం ఏమీ లేదు. చేయి సహకరించలేదు, అంతే.

క్లబ్బులకు లెక్కలు తెలియక ఇలా జరుగుతోందా? కాదు. మామిడి తోటను పూత మీద పాడుకునే వ్యాపారులను చూడండి. పదిమంది వచ్చి కాపు ఎంత ఉంటుందో అంచనా వేస్తారు. కొందరి అంచనా తక్కువ, కొందరిది ఎక్కువ, నిజమైన కాపు ఎక్కడో మధ్యలో ఉంటుంది. కానీ తోట దక్కేది అందరికంటే ఎక్కువ ఊహించినవాడికే. అంటే గెలిచినవాడు నష్టపోయే అవకాశం పాటలోనే దాగి ఉంది. ఆర్థికశాస్త్రంలో దీన్ని విజేత శాపం అంటారు. సముద్రంలో చమురు తవ్వే హక్కుల వేలాలను చూసి 1971లో ముగ్గురు ఇంజనీర్లు దీన్ని రాశారు. 1980లో కాసింగ్, డగ్లస్ అనే ఆర్థికవేత్తలు తొలినాటి ఫ్రీ ఏజెంట్ల లెక్కలు తీసి, బేస్‌బాల్ క్లబ్బులు కూడా అలాగే ఎక్కువ పెడుతున్నాయని చూపారు.

ఇంతవరకు చదివితే ఆ కాంట్రాక్టులు దండగేనని తేల్చేయవచ్చు. మాలో సగంమంది అక్కడే ఆగిపోయారు. కానీ ఖాతాకు రెండో పేజీ ఒకటుంది.

పూహోల్స్ మొదటి ఏడాది, 2001లో, 37 హోమ్ రన్లు కొట్టి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఆ ఏడాది ఆయన జీతం 2 లక్షల డాలర్లు, అంటే అప్పటి కనీస జీతం. పెద్ద లీగులో ఆడుతూ మధ్యవర్తి దాకా వెళ్లి జీతం పెంచుకోవాలంటే మామూలుగా మూడేళ్లు ఆగాలి. స్వేచ్ఛ కావాలంటే ఆరేళ్లు ఆగాలి. ఈ ఆరేళ్లే ఒంట్లో సత్తువ నిండుగా ఉండే ఏళ్లు. బహిరంగ బేరంలో ఒక మంచి ఆటగాడు తెచ్చే ఒక్క అదనపు విజయానికి క్లబ్బులు దాదాపు 80 లక్షల డాలర్లు పెడుతున్నాయని విశ్లేషకుల అంచనా. 2025లో కనీస జీతం 7 లక్షల 60 వేల డాలర్లు. నాలుగైదు విజయాలు తెచ్చే కుర్రవాడు ఈ జీతానికే ఆడుతుంటే మిగతాదంతా ఎవరికి మిగులుతోంది? 2002లో ఓక్లాండ్ జట్టు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 మ్యాచ్‌లు గెలిచింది. యాంకీస్ కూడా అవే 103 గెలిచింది, మూడు రెట్లు ఖర్చుపెట్టి. ఓక్లాండ్ తెలివిని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. అయితే ఆ పొదుపులో పెద్ద వాటా, ఇంకా బేరమాడే హక్కు రాని కుర్రవాళ్ల జీతాలదే.

కాబట్టి మా లెక్క ఇది. 32 ఏళ్లు దాటిన ఆటగాడికి పదేళ్ల కాంట్రాక్టు ఇస్తే, రాబోయే ఆటకు అది గిట్టుబాటు కాదు. కానీ ఆ డబ్బు రాబోయే ఆటకు మాత్రమే అనుకోవడం సరికాదు. చాలావరకు అది ఆలస్యంగా చెల్లించిన పాత కూలి. చిక్కేమిటంటే, పాత ఫలం ఒక క్లబ్బు తింటే, బాకీ మరో క్లబ్బు తీరుస్తోంది. యువకుడిగా ఉన్నప్పుడు పూహోల్స్ వల్ల బాగుపడింది కార్డినల్స్, చెల్లించింది ఏంజెల్స్. సోటో వంటివాడు వేరు. అతను 19 ఏళ్లకే పెద్ద లీగుకు వచ్చాడు గనుక 26 ఏళ్లకే స్వేచ్ఛ దొరికింది. మొదటి ఏడాది, 2025లో, 43 హోమ్ రన్లు కొట్టాడు. మెట్స్ మాత్రం నాకౌట్ దశకు చేరలేదు. రోడ్రిగెజ్ పాఠమే మళ్లీ.

జీతాలు మరీ పెరిగాయని యజమానులు ఒకసారి కూడబలుక్కుని చూశారు కూడా. 1985 తర్వాత మూడు సీజన్ల పాటు ఒకరి ఆటగాడిని మరొకరు పిలవడం దాదాపు మానేశారు. ఆండ్రీ డాసన్ అనే మేటి ఆటగాడు మోకాళ్ల నొప్పుల వల్ల గట్టి నేల మైదానం వదిలి గడ్డి మైదానంలో ఆడాలనుకున్నాడు. 1987లో అంకె రాయని ఖాళీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టి చికాగో కబ్స్ చేతిలో పెట్టాడు. వాళ్లు వేసిన అంకె 5 లక్షల డాలర్లు, పైన కొద్దిపాటి బోనసులు. పాత క్లబ్బులో ఆయన జీతం 10 లక్షలపైనే. ఆ ఏడాది డాసన్ 49 హోమ్ రన్లు కొట్టి ఉత్తమ ఆటగాడయ్యాడు. కూడబలుక్కున్న విషయం మధ్యవర్తుల ముందు రుజువై, 1990లో యజమానులు 28 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. జీతం తగ్గిస్తే ఆ మిగులు ప్రేక్షకుడి టికెట్టులో తగ్గుతుందనుకునేవాళ్లు ఈ సంగతి చూడాలి.

మాకు నిజంగా బాధ కలిగించిన అంకె ఈ కోట్లలో లేదు. పెద్ద లీగుకు కింద చిన్న లీగులున్నాయి. డొమినికన్ రిపబ్లిక్ వంటి పేద దేశాల నుంచి 16 ఏళ్లకే సంతకం పెట్టి వచ్చే పిల్లలు అక్కడ ఆడతారు. పూహోల్స్, సోటో పుట్టిన దేశమే అది. వాళ్లలో చాలామంది పెద్ద లీగు ముఖం చూడకుండానే ఇంటికి తిరిగిపోతారు. 2022 దాకా దిగువ మెట్లలోని ఒక లీగులో ఏడాది జీతం 11,000 డాలర్లు. 2022లో ఆ కుర్రవాళ్లు సంఘంలో చేరారు. 2023లో వాళ్ల మొదటి ఒప్పందం కుదిరింది. జీతం 26,200 డాలర్లయింది.