152 నుంచి 110కి... మధ్యలో ఏం జరిగింది?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీయో, ఎం.ఫార్మసీయో చేసి బయోఅనలిటికల్ ల్యాబ్‌లో ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ‘ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ తెలుసా?’ అంటే ‘తెలుసు సార్’ అనేస్తాం. ‘ఎంఎస్ రెండుసార్లు ఎందుకు?’ అని అడిగితే?

పారాసెటమాల్ వేసుకున్న మనిషి రక్తంలో ఆ మందు ఎంతుందో తేల్చాలనుకోండి. ప్లాస్మాలో వేల రకాల పదార్థాలుంటాయి. కాలమ్ వాటిని కొంతవరకే విడదీస్తుంది. అక్కడి నుంచి వచ్చే ద్రవాన్ని అధిక వోల్టేజీతో సన్నటి తుంపరగా చిమ్మితే అణువులు అయాన్లవుతాయి. పారాసెటమాల్ అణుభారం 151. ప్రోటాన్ చేరి 152 అవుతుంది. ఇక్కడ 151 అన్నారో, దొరికిపోయినట్టే!

మొదటి క్వాడ్రుపోల్ 152ని మాత్రమే వదులుతుంది. అదే భారమున్న వేరే పదార్థమూ దాంతోపాటు దూరొచ్చు కదా? అందుకే నైట్రోజన్ లేదా ఆర్గాన్ ఉన్న గదిలో ఆ అయాన్లను ఢీకొట్టించి విరగ్గొడతారు. పారాసెటమాల్ నుంచి 42 భారమున్న కీటీన్ ఊడిపోయి 110 మిగులుతుంది. చివరి క్వాడ్రుపోల్ ఆ 110నే డిటెక్టర్‌కి పంపుతుంది. తల్లి అయాన్, దాని ముక్క రెండూ కుదిరితేనే లెక్కలోకొస్తుంది.

పసిబిడ్డ మడమ నుంచి తీసి కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలో ఫినైల్‌కీటోన్యూరియా లాంటి పుట్టుకతో వచ్చే లోపాలను పట్టేది ఈ పద్ధతే. వెంటనే ఆహారం మారిస్తే బిడ్డ మెదడు దెబ్బతినకుండా కాపాడొచ్చు. 2018లో వాల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ మలినం బయటపడి, పలు దేశాల్లో మాత్రలు వెనక్కి రప్పించారు. దానికి పెట్టిన పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లో వంతు ఒక నానోగ్రాము! మందులు ఎగుమతి చేసే హైదరాబాద్ కంపెనీలకు ఇలాంటి పరీక్షలు తప్పనిసరి పనే.

కాలేజీలో హెచ్‌పీఎల్‌సీకి వాడిన ఫాస్ఫేట్ బఫర్‌ని ఇక్కడ వాడకండి. అది ఆవిరి కాదు, ఉప్పులా పేరుకుని అయాన్ సోర్స్‌ని పాడుచేస్తుంది. అమ్మోనియం ఫార్మేట్ లాంటివి వాడాలి. ఇంకో చిక్కుంది. ప్లాస్మాలోని ఫాస్ఫోలిపిడ్లు మందు సిగ్నల్‌ని అణిచేస్తాయి, ఉన్నదాని కన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే డ్యుటీరియం చేర్చిన అదే మందును ఇంటర్నల్ స్టాండర్డ్‌గా కలుపుతారు. సిగ్నల్ తగ్గితే రెండింటిదీ దాదాపు ఒకేలా తగ్గుతుంది కాబట్టి వాటి నిష్పత్తి నిలబడుతుంది. ఈ మాట మీ అంతట మీరు చెప్పగలిగితే, మిషన్ ముట్టుకోకపోయినా విషయం తెలుసని అవతలివారికి అర్థమవుతుంది.

ఇంటర్వ్యూకి ముందురోజు పారాసెటమాల్ నిర్మాణం కాగితంపై గీయండి. ఎక్కడ తెగితే 42 పోతుందో వెతకండి. ఎసిటైల్ వైపు చూడండి.